దృష్టిదోషములు – లేజరు చికిత్స
(మహాసభ రెండవ దినమున చదువబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయములును, సహకారసంఘముల విషయములును, మగ్గముల విషయములును మాకంటె అనుభవజ్ఞులైన వక్తలు సవిస్తరముగా ముచ్చటించియున్నారు. వారి వెనుక నేత్రవైద్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు మమ్ము నియోగించిన ఆహ్వానసంఘమువారికి మా కృతజ్ఞతావందనములు. వైద్యశాలలో చెప్పదగిన సంగతి కులసభలో నేల యని కొందరికి తోచవచ్చును. భావనాఋషి పద్మనాళములనుండి నూలు దీసి వస్త్రము నేసెనని చెప్పుకొనెడు కులము మనది. అంతటి సన్నని పోగు పట్టుటకు చేయి యెంత కావలెనో కన్నును అంతయే కావలెను. తెగిన పడుగుపోగును వెదకి ముడివేయుటయు, అచ్చులో పోగులెక్కించుటయు, అద్దకపు నూలులో పువ్వునకు పువ్వు కలియునట్లు సవరించుటయు కంటిపనులు. కన్ను మందగించిన నేతగాని కూలియు మందగించును. ఇది మొదటి కారణము.

రెండవ కారణము యువజనులకు సంబంధించినది. మన బిడ్డలనేకులు నేడు మగ్గము విడిచి చదువులలోను, కంప్యూటరు ఉద్యోగములలోను ప్రవేశించియున్నారు. వారిలో సులోచనములు ధరించువారు నానాటికి హెచ్చుచున్నారు. లేజరు చేయించినచో అద్దములు పోవునట కదా, ఏ పద్ధతి మంచిది? అందులకు అప్పు చేయవచ్చునా? పెండ్లిచూపులలోపల ముగియునా? ఈ మూడు ప్రశ్నలతో తలిదండ్రులు వైద్యుల కడకు వచ్చుచున్నారు. వచ్చువారిలో మొదటి ప్రశ్నకంటె మూడవ ప్రశ్నపై ఆదుర్దా గలవారే హెచ్చు.

మా సమాధానమును ముందే చెప్పుచున్నాము. లేజరు కన్నద్దమును తీయగలదు, కన్నును మార్చజాలదు. ఎవరికి ఏ పద్ధతి తగునో, అసలు తగునో తగదో నిర్ణయించునవి మూడు: కంటికొలత, వయస్సు, వృత్తి. ముహూర్తముగాని, వార్తాపత్రికలోని ప్రకటనగాని, స్నేహితుని అనుభవముగాని ఈ నిర్ణయము చేయరాదు. తక్కిన ఉపన్యాసమంతయు ఈ మాటకు వివరణమే.

కన్ను చూచు విధము

కంటికి ముందుభాగమున గడియారపు అద్దమువలె స్వచ్ఛమైన పొర యొకటి కలదు. దీనిని కార్నియా యందురు. లోపలికి వచ్చు వెలుగును వంచు పనిలో మూడింట రెండుపాళ్లు ఈ పొరయే చేయును. మిగిలిన పని కనుపాప వెనుకనున్న కటకముది. ఈ రెంటిచే వంగిన కిరణములు కంటి వెనుకగోడనున్న రెటీనా యను తెరపై సరిగా కూడినపుడు వస్తువు స్పష్టముగా కనబడును.

కంటిగ్రుడ్డు నిడుపు హెచ్చినచో కిరణములు తెరకు ముందే కూడును. అప్పుడు దగ్గరివి కనబడి దూరమునవి మసకబారును. ఇది హ్రస్వదృష్టి, దీనికి మైనస్ అద్దము లిత్తురు. గ్రుడ్డు పొట్టిదైనచో దీనికి విపర్యాసము; అది దీర్ఘదృష్టి; దీనికి ప్లస్ అద్దములు. కార్నియా ఒక దిశయందు ఎక్కువగాను, మఱియొక దిశయందు తక్కువగాను వంగియుండుట అసమదృష్టి. వైద్యుని చీటిలో సిలిండరు అని వ్రాయబడునది ఇదియే. ఈ దోషములను కొలుచు ప్రమాణమునకు డయాప్టరు అని పేరు. జనులు దీనినే పవరు అనియు, సైటు అనియు వ్యవహరించుచున్నారు.

నాలవది చత్వారము. ఇది గ్రుడ్డు నిడుపువలన గాని కార్నియా వంపువలన గాని కలుగునది కాదు. లోపలి కటకము వయస్సుతోపాటు బిరుసెక్కి, దగ్గరి వస్తువునకై తన యాకారమును మార్చుకొను శక్తిని కోల్పోవును. నలువదియేండ్లు దాటినపిమ్మట ఇది అందరికిని వచ్చును. తలనెరయుటవంటిది, రోగము కాదు. ఈ నాలవదానిని మొదటి మూటితో కలిపి తలంచుటవలననే లేజరును గూర్చిన భ్రమలలో సగము పుట్టుచున్నవి. కావున శ్రోతలు దీనిని జ్ఞాపకముంచుకొన ప్రార్థన.

లేజరు వచ్చిన విధము

కార్నియా వంపును మార్చినచో అద్దము అక్కరలేదను తలంపు క్రొత్తది కాదు. 1949 ప్రాంతమున హోసే బర్రాకర్ అను వైద్యుడు కార్నియా పొరను తీసి, చెక్కి, తిరిగి యమర్చు పద్ధతిని ప్రకటించెను. 1970లలో మాస్కోయందు ఫ్యోదొరోవ్ అను వైద్యుడు కార్నియాపై చక్రపు ఆకులవలె గాట్లు పెట్టు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఆ గాట్లు పెట్టించుకొన్నవారిలో అనేకులకు కొన్ని యేండ్లు గడచినపిమ్మట దృష్టి ప్లస్ వైపునకు జరిగిపోయెను. కన్ను నేటి ఫలితముతో తృప్తిపడదు, పదియేండ్ల పిమ్మట లెక్క చెప్పును అనునది అప్పుడు నేర్చిన పాఠము.

అటుపిమ్మటి మలుపునకు కారకులలో నొకరు మన దేశీయుడగుట మనకు సంతోషదాయకము. మద్రాసున జన్మించి అచటి విశ్వవిద్యాలయమున చదివి అమెరికాకు వెళ్లిన రంగస్వామి శ్రీనివాసన్ గారు ఐ.బి.ఎం. పరిశోధనాలయమున పనిచేయుచుండిరి. 1981 నవంబరులో, పండుగ విందున మిగిలిన టర్కీకోడి ముక్కపై ఆయన ఎక్సైమరు లేజరును ప్రయోగించి చూచిరి. 193 నానోమీటర్ల తరంగముగల ఆ కంటికి కనబడని వెలుగు, ప్రక్కభాగమును మాడ్చక, గీచినట్లుగా గాడి తీసెను. జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ గారలు ఈ పరిశోధనలో ఆయన సహచరులు. 1983లో న్యూయార్కు నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రోకెల్, శ్రీనివాసన్ గారితో కలిసి దీనిని జంతువుల కార్నియాపై పరీక్షించెను. ఈ కాంతి ఒక్క విసరులో తొలగించునది ఒక మైక్రానులో సుమారు నాలవవంతు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవవంతు. 2013లో ఈ మువ్వురకును అమెరికా అధ్యక్షుడు జాతీయపతకము నొసంగి గౌరవించెను.

నాలుగు పద్ధతులు

ప్రకటనలలో క్రొత్తపేర్లు నిత్యము కానవచ్చుచున్నవి. వానిలో చాలవరకు ఈ క్రింది నాలుగింటి యుపభేదములే.

మొదటిది పి.ఆర్.కె. కార్నియా పైనున్న మిక్కిలి పలుచని చర్మమును తొలగించి, దాని క్రిందిభాగమును లేజరుతో సవరింతురు. ఆ చర్మము నాలుగైదు దినములలో తిరిగి పెరుగును. అందాక మంటయు, నీరుకారుటయు నుండును. చూపు కుదుటపడుటకు కొన్ని వారములు పట్టును. పొర కోయుట లేదు గనుక, కంటికి దెబ్బ తగులు వృత్తులవారికిని, కార్నియా కొంచెము పలుచనైనవారికిని ఇది తగియుండును. పాతపద్ధతి యని దీనిని చులకన చేయరాదు.

రెండవది లాసిక్. 1990లో గ్రీసు దేశపు క్రీటు ద్వీపమున పల్లికారిస్ అను వైద్యుడు దీనిని ప్రారంభించెను. కార్నియాపై సుమారు 110 మైక్రాన్ల మందముగల పొరను పుస్తకపు అట్టవలె లేపి, క్రిందిభాగమును లేజరుతో సవరించి, పొరను తిరిగి పరతురు. కుట్లు లేవు. పొర కోయుటకు పూర్వము సూక్ష్మమైన కత్తి వాడిరి. నేడు ఫెమ్టోసెకండు లేజరు వాడుచున్నారు. మరునాటికే చూపు తేటపడుట దీని గుణము. పొర కోయునపుడు సన్నని నరములు తెగుటచే కన్ను పొడిబారుటయు, పెద్దదెబ్బ తగిలినపుడు ఏండ్ల తరువాతనైనను అరుదుగా పొర జరుగుటయు దీని దోషములు.

మూడవది స్మైల్. పొర లేపక, కార్నియా లోపలనే ఫెమ్టోసెకండు లేజరుతో పలుచని బిళ్లను కోసి, రెండు మొదలు నాలుగు మిల్లీమీటర్ల చిన్న గంటుగుండ దానిని వెలికిదీయుదురు. లాసిక్ పొర అంచుగాటు సుమారు 20 మిల్లీమీటర్లుండును. దానితో పోల్చిన ఇది స్వల్పము. అమెరికా దేశపు అనుమతి దీనికి 2016లో లభించినది. ముఖ్యముగా హ్రస్వదృష్టికిని, దానితో కూడిన అసమదృష్టికిని ఇది యుపయోగపడును. కొంచెము పవరు మిగిలినచో రెండవసారి సవరించుట లాసిక్‌లోవలె సులభము కాదు.

నాలవది ఐ.సి.ఎల్. ఇందు లేజరు పని లేదు. కనుపాపకును సహజ కటకమునకును నడుమ పలుచని కృత్రిమ కటకము నమర్తురు. పవరు మిక్కిలి హెచ్చుగా నుండి కార్నియా పలుచనైనవారికి ఇది శరణ్యము. అవసరమైనచో తీసివేయవచ్చును. కాని ఇది కంటి లోపల చేయు శస్త్రచికిత్స. శుక్లము వచ్చుట, కంటి ఒత్తిడి హెచ్చుట మున్నగు అపాయములకై జీవితాంతము ఏటేట పరీక్ష చేయించుకొనవలెను.

కార్నియా లెక్క

కులబంధువులారా! నూలు కొనునపుడు కాకిలెక్క చేయువారము కాము. కంటి విషయమునను లెక్క చూచుకొనవలెను. కార్నియా మధ్యభాగపు మందము సామాన్యముగా అర మిల్లీమీటరునకు కొంచెము హెచ్చు, అనగా 540 మైక్రాన్ల ప్రాంతము. ఒక డయాప్టరు తీయుటకు 12 మొదలు 15 మైక్రాన్లు తొలగింపవలసియుండును. లాసిక్ అయినచో పొరకు 110 మైక్రాన్లు పోవును. అడుగున మిగులు భాగము 250 మైక్రాన్లకు తగ్గరాదనునది కనీసపు హద్దు. జాగరూకులైన వైద్యులు ఇంకను హెచ్చుగా మిగుల్తురు.

540 మైక్రాన్ల కార్నియాయు, మైనస్ 4 పవరును గల యువతికి లెక్క చూడుడు. పొరకు 110, దోషమునకు 60, వెరసి 170 పోగా 370 మిగులును. చక్కగా చాలును. 490 మైక్రాన్ల కార్నియాయు, మైనస్ 9 పవరును గల యువకునకు పొరకు 110, దోషమునకు 135, వెరసి 245 పోగా 245 మాత్రమే మిగులును. హద్దు దాటినది. ఒకే గదిలో కూర్చున్న ఇద్దరు స్నేహితులలో ఒకరికి అమృతమైనది మఱియొకరికి విషమగుట ఇట్లు.

హద్దు మీరినచో నేమగును? నూలు చాలని బట్ట బరువు పడినచోట సాగి ఉబ్బునట్లు కార్నియా ముందుకు సాగును. దీనిని ఎక్టేసియా యందురు. అప్పుడు చూపు వంకరలు పోవును, మామూలు అద్దములకు లొంగదు. పుట్టుకచేతనో, కన్నులు నులుముకొను అలవాటుచేతనో కార్నియా శంకువువలె మొనదేలు కెరటోకోనస్ అను వ్యాధి కొందరి యువజనులయందు మొదట ఏ బాధయు లేక దాగియుండును. అట్టివారికి లేజరు ముట్టరాదు. కార్నియా పటమును యంత్రముతో తీసి చూచినగాని ఇది తెలియదు. కావున పటము తీయక, మందము కొలువక, వచ్చిన దినముననే శస్త్రచికిత్స చేయుదుమను చోటునకు పోకుడు.

ఎవరు ఆగవలెను

పదునెనిమిదేండ్లు నిండనివారు ఆగవలెను. గడచిన సంవత్సరములో పవరు అర డయాప్టరు మించి మారినవారు ఆగవలెను. పెరుగుచున్న దోషమును నేడు చెక్కినచో రేపు మరల అద్దము వచ్చును. గర్భవతులును, పాలిచ్చు తల్లులును ఆగవలెను; ఆ కాలమున పవరును, కంటి తడియు మారుచుండును. కన్ను మిక్కిలి పొడిగానుండువారును, కీళ్లవాతమువంటి వ్యాధులకు మందులు వాడువారును, మధుమేహము అదుపులో లేనివారును ఆ సంగతి వైద్యునితో దాచక చెప్పవలెను. కాంటాక్టు లెన్సులు పెట్టుకొనువారు కొలతలకు ముందు మెత్తనివానిని రెండువారములైనను, గట్టివానిని అంతకు మించియు మానవలెను. లెన్సు ఒత్తిన కార్నియా అబద్ధపు కొలత చెప్పును.

పోలీసు, సైన్యము, రైల్వే ఉద్యోగములు కోరు యువకులకు ఒక హెచ్చరిక. కొన్ని ఉద్యోగములకు లేజరు చేయించుకొన్నవారిని షరతులతో తీసికొందురు, కొన్నిటికి తీసికొనరు. నియమములు మారుచుండును. కోరిన ఉద్యోగపు ప్రకటనను చదివి, పిమ్మటనే కన్ను ముట్టనీయుడు.

ఏవి మారవు

శస్త్రచికిత్స చక్కగా జరిగినను కొందరికి కొన్ని నెలలు కన్ను పొడిబారుటయు, రాత్రులందు దీపముల చుట్టు వలయములు కనబడుటయు కలదు. అధికసంఖ్యాకులకు ఇవి క్రమముగా తగ్గును, కొందరికి నిలిచిపోవును. రాత్రివేళ బండ్లు నడుపువారు దీనిని ముందే ఆలోచించుకొనవలెను.

అంతకంటె ముఖ్యమైనది వేరొకటి. హ్రస్వదృష్టి గల కన్ను నిడుపైన కన్ను. లేజరు ముందుపొరను సవరించునే కాని ఆ నిడుపును తగ్గింపదు. సాగిన గోడపైనున్న రెటీనా సాగియే యుండును. రెటీనా చినుగుట, ఊడుట, నీటికాసులు అను అపాయములు మునుపటివలెనే యుండును. అద్దములు పోయినవని కంటిపరీక్ష మానినవారు ఈ అపాయమును ఆలస్యముగా తెలిసికొందురు. ఏటికొకసారి కనుపాప విప్పు మందు వేయించుకొని రెటీనాను పరీక్ష చేయించుకొనుట విధి.

మఱియొక సూక్ష్మము. పలుచనైన కార్నియాపై కంటి ఒత్తిడి కొలిచినపుడు ఉన్నదానికంటె తక్కువగా కనబడును. వార్ధక్యమున శుక్లము తీయునపుడు లోపల నమర్చు కటకపు లెక్కయు తప్పవచ్చును. కావున శస్త్రచికిత్సకు ముందరి కొలతల కాగితములను భూమి దస్తావేజులతోపాటు భద్రపరచుకొనవలెను. ముప్పదియేండ్ల పిమ్మట అవి అక్కరకు వచ్చును.

మగ్గమును, చత్వారమును

ఇక మన వృత్తికి సంబంధించిన మాట. మైనస్ రెండున్నర పవరు గల నేతగాడు అద్దము తీసి చూచినపుడు 40 సెంటీమీటర్ల దూరమునందలి వస్తువు అతనికి స్పష్టముగా కనబడును. మగ్గముపై పోగు వెదకునపుడు కంటికిని బట్టకును నడుమ నుండు దూరము ఇంచుమించు అదియే. అనగా దూరపుచూపునకు దోషమైనది చత్వారపు వయస్సున వానికి వరమగును. అతడు నలువదిరెండవ యేట లేజరు చేయించి దూరపుచూపును సరిచేసికొన్నచో, వీధి చివరనున్న మనిషిని గుర్తించును. ఎదుటనున్న పోగును గుర్తింపలేడు. కన్నద్దము పోయెనని సంతసించి, నెలలోపలనే దగ్గరిచూపు అద్దముల దుకాణమునకు పోయినవారిని మేము చూచియున్నాము. ఒక కంటిని దూరమునకును, ఒక కంటిని దగ్గరకును సవరించు పద్ధతి కలదు. కాని అది అందరికి సరిపడదు. ముందుగా కాంటాక్టు లెన్సులతో కొన్ని దినములు అలవాటు చేసి చూడవలెను. ఇదియే న్యాయము కంసాలికిని, దర్జీకిని, కుట్టుపని చేయు స్త్రీలకును, పుస్తకమునకు అంటుకొనియుండు లేఖకునకును వర్తించును.

నలువది దాటిన నేతగానికి కావలసినది లేజరు కాదు. దగ్గరిచూపునకు తగిన అద్దము. 2018లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, అస్సాము తేయాకు తోటలయందు పనిచేయు నలువది దాటిన కూలీలకు దగ్గరిచూపు అద్దములిచ్చి పరీక్షించిరి. అద్దములు పొందినవారి ఉత్పత్తి, పొందనివారితో పోల్చినచో, సుమారు 22 శాతము హెచ్చెను. ఆకు త్రుంచువానికే ఇంత లాభమైనచో పోగు ముడివేయువానికి ఎంతయుండునో సభవారే యూహింపవచ్చును. తెలంగాణమున 2018లో ప్రారంభింపబడిన కంటివెలుగు కార్యక్రమమున అద్దములు ఉచితముగా పంచిరి. అట్లు లభించిన అద్దములను నామోషీయని పెట్టెలో దాచినవారును మనలో లేకపోలేదు.

పెండ్లిచూపుల మాట

ఇక అప్రియమైనను చెప్పవలసిన మాట. పిల్లకు అద్దములున్నవని సంబంధము తప్పించు వాడుక మనలో నున్నది. అద్దములు పెట్టుకొన్న వరుడే ఈ ఆక్షేపణ చేయుటయు కలదు. ఆ భయముచేత తలిదండ్రులు పవరు నిలకడపడకమునుపే పిల్లను శస్త్రచికిత్సకు తొందరపెట్టుచున్నారు; అందులకు వడ్డీకి తెచ్చుచున్నారు. 7.5 డయాప్టర్లకు లోపలి దోషమునకు ఆరోగ్యబీమా సామాన్యముగా వర్తింపదను సంగతి పలువురికి అప్పు చేసిన పిమ్మటగాని తెలియుట లేదు.

ఈ తొందరవలన సాధించునదేమి? హ్రస్వదృష్టి కొంత వంశానుగతము. లేజరుచే అద్దము పోయిన తల్లి బిడ్డకు ఆ గుణము పోదు. కావున సంతానమునకై అద్దములను ఆక్షేపించు వరుని తండ్రి లేజరు చేయించిన పిల్లను అంగీకరించుట తర్కమునకు నిలువదు. అందమునకై ఆక్షేపించుచో, ఒక పలుచని గాజుబిళ్లకు జంకు ప్రేమ ఎన్నినాళ్లు నిలుచునో పెద్దలు ఆలోచింపవలెను. చదువుకొన్న వయోజనులైన యువతీయువకులు తమ ఇచ్ఛతో, కొలతలన్నియు సరిపడినపిమ్మట, తమ ఆర్జనతో ఈ చికిత్స చేయించుకొన్నచో మేము సంతోషింతుము. తగినవారికి ఇది మిక్కిలి మంచి చికిత్స. వేకువను లేచి గడియారము ముల్లు చూడగలుగుట వారికి పునర్జన్మవంటిది. మా యాక్షేపణ చికిత్సపై కాదు, బలవంతముపై.

సభకు విన్నపములు

మహాజనులారా! ఉపన్యాసము విని లేచిపోవుటకంటె నాలుగు తీర్మానములు చేయుట మేలని తోచి ఈ క్రింది విన్నపములు చేయుచున్నాము.

ఒకటి: సంఘపు విద్యార్థి వసతిగృహములందును, మన బిడ్డలు చదువు పాఠశాలలందును ఏటేట కంటిపరీక్ష జరుగునట్లు చూడవలెను. నల్లబల్ల కనబడని బిడ్డను మందబుద్ధి యని కొట్టుట మహాపాపము.

రెండు: బిడ్డలను ఆరుబయట ఆడుకొననీయవలెను. చైనాలోని గ్వాంగ్జౌ నగరపు పాఠశాలలలో దినమునకు 40 నిమిషములు అదనముగా బిడ్డలను వెలుతురులో నుంచిరి. 3 సంవత్సరములు గడచునప్పటికి క్రొత్తగా హ్రస్వదృష్టి కలిగినవారు వారిలో 30.4 శాతము, తక్కిన పాఠశాలలలో 39.5 శాతము అని 2015లో ప్రకటించిరి. ఎండకు ధర లేదు. ఏ లేజరును ఇంత చవుక కాదు.

మూడు: నలువది దాటిన ప్రతి నేతగానికిని, నేతకత్తెకును దగ్గరిచూపు అద్దములు లభించునట్లు సంఘనిధినుండి కొంత కేటాయింపవలెను. షోలాపురము, భివండి, సూరతు నగరములలో మరమగ్గములపై పనిచేయుచున్న మన సోదరులను ఇందు మరువరాదు.

నాలుగు: వివాహసంబంధముల విషయమున సులోచనములను లోపముగా ఎంచరాదని ఈ సభ తీర్మానింపవలెను. వధూవరులిరువురును తమ దృష్టిసంగతిని ఒకరికొకరు దాచక చెప్పుకొనవలెనని దానికి చేర్పవలెను. లెన్సులతో దాచి పిమ్మట కలహించుటకంటె అద్దములతో కూర్చుండి మాటలాడుట గౌరవము.

దీపమున్నపుడే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. కన్ను అట్టి దీపము. 

స్వస్తి.